నాంచారమ్మ దాచిన తేనెదుంగలు

ఏడుమెట్ల కొండ కింద, మనుషుల పొలాలకు ఆనుకుని అనగనగా ఒక అడవి ఉండేది. పిల్లలూ, ఆ అడవిలో జంతువులు తేనెటీగల్ని పెంచేవి. మనుషుల్లా పెట్టెల్లో కాదు. లోపల బోలుగా ఉన్న చెట్టు దుంగల్లో పెంచేవి. ఈగలు వచ్చిపోవడానికి దుంగకు ఒక చిన్న కన్నం వదిలి, మిగతా సందులన్నీ బంకమట్టితో మెత్తేవి. వాటిని తేనెదుంగలు అనేవాళ్లు.

ముళ్లపంది నాంచారమ్మకు అలాంటి దుంగలు ఏడు ఉండేవి. అందులో ఒకటి వాళ్లమ్మది. అమ్మ పోయే ముందు ఆ దుంగను చూపించి, "వీటి దగ్గరికి చప్పుడు లేకుండా పోకు. నువ్వేనని వాటికి తెలియనివ్వు" అని చెప్పింది. అందుకే నాంచారమ్మ రోజూ పొద్దున్నే ముళ్లు గలగలలాడించుకుంటూ దుంగల దగ్గరికి వెళ్లేది. ఒక్కో దుంగకు చెవి ఆనించి వినేది. లోపల గుయ్ మని సద్దు వినిపిస్తే ఆమె ప్రాణం కుదుటపడేది. ఆమెకు పిల్లలు లేరు. మాట్లాడుకోవడానికి ఆ ఈగలే.

దుంగలున్న చోటు కూడా చాలా మంచిది. వాగుకు నీళ్లకు వెళ్లే దారి పక్కనే కానుగ చెట్ల గుంపు ఉంది. కానుగ పూసిందంటే నేలంతా తెల్లగా రాలి, ఆ చుట్టుపక్కలంతా ఈగల మోతే. ఆ చెట్ల కిందే, తన ఇంటి పక్కనున్న ఈతపొదల వెనకాల, నాంచారమ్మ ఏడు దుంగల్నీ వరసగా పెట్టుకుంది. దారిలో పోయేవాళ్లకు పొదలే కనిపిస్తాయి, దుంగలు కనిపించవు. కానీ దారికీ దుంగలకూ మధ్య పట్టుమని పదడుగులు కూడా లేవు.

ఒక ఏడాది మాఘమాసంలో అడవి పెద్దలు కూర్చుని తేనెదుంగల కోసం కొత్త కట్టుబాటు చేశారు. అడవికి కరణం తాబేలు కూర్మయ్య. అందరి లెక్కలూ తాటాకుల మీద రాసి పెట్టేది ఆయనే. ఆయన వాగు ఒడ్డున రాయి మీదికి మెల్లగా ఎక్కి, కట్టుబాటు చదివి వినిపించాడు.

"దుంగలున్న ప్రతివాళ్లూ వచ్చి పేరు, ఎన్ని దుంగలు, ఎక్కడున్నాయి అన్నది నా దగ్గర రాయించాలి. దారికీ, నీటి రేవుకీ, పిల్లలున్న గూళ్లకూ అరవై అడుగుల లోపు దుంగ ఉండకూడదు. రాయించని దుంగ కనిపిస్తే తీయించేస్తాం."

అరవై అడుగులంటే ఎవరి అడుగులని ఏనుగు అడిగింది. దాని మీద కాసేపు గొడవ జరిగి, చివరికి దుప్పి అడుగులని తేల్చారు. ఇదంతా ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు. కూర్మయ్య కూడా చెప్పలేదు. చదవాల్సింది చదివేసి రాయి దిగిపోయాడు.

నాంచారమ్మ ఇంటికి వచ్చి దుంగల ముందు చతికిలబడింది. రాయిస్తే కూర్మయ్య వచ్చి కొలుస్తాడు. కొలిస్తే ఏడూ జరపమంటాడు. అరవై అడుగులు జరిపితే కానుగ నీడ దాటి బండల మీద పెట్టాలి. ఎండకు ఈగలు ఉండవేమో, ఎగిరిపోతాయేమో అని ఆమె భయం. పైగా తన దుంగల సంగతి ఊరందరికీ ఎందుకు, తను ఎవరి జోలికైనా పోయిందా అనుకుంది. ఆ సాయంత్రం ఇంకో నాలుగు ఈతమట్టలు తెచ్చి పొదకు అడ్డంగా గుచ్చింది.

వారం తర్వాత కూర్మయ్య తాటాకుల కట్ట వీపు మీద పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అడవిలో ప్రతి ఇంటికీ వెళ్లి అడుగుతున్నానని చెప్పి, "ఏమ్మా నాంచారమ్మా, నీకు దుంగలేమైనా ఉన్నాయా?" అన్నాడు.

"నాకెక్కడివి బాబాయ్. మా అమ్మతోనే పోయాయి" అంది నాంచారమ్మ.

కూర్మయ్య ఆ మాట నమ్మాడు. తాటాకు మీద ఏమీ గీయకుండా, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. నాంచారమ్మకు ఆ పూట తిండి సరిగా దిగలేదు. మర్నాటికి మామూలైపోయింది.

ఇది మొదటిసారి.

వైశాఖంలో కానుగ విరగబూసింది. ఈగలు ఒళ్లు తెలియకుండా తిరుగుతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం చుక్కల దుప్పి సీతాలు తన కూనను వెంటబెట్టుకుని వాగుకు వెళ్తోంది. కూన పుట్టి ఇంకా నెల కాలేదు. గెంతుతూ గెంతుతూ దారి తప్పి ఈతపొదకు తగిలింది. ఈగలు లేచాయి. కూన ముఖమంతా కుట్టాయి.

నాంచారమ్మ పరుగున వచ్చేసరికి కూన నేల మీద పొర్లుతోంది. సీతాలు దాని చుట్టూ తిరుగుతూ ఏం చేయాలో తెలియక తల్లడిల్లుతోంది. కూన కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. పెదవులు వాచి పాలు కూడా తాగలేకపోయింది.

"ఇక్కడ ఈగలెక్కడివి వదినా?" అంది సీతాలు.

నాంచారమ్మ ఈతపొద వైపు ఓసారి చూసింది. తర్వాత, "కందిరీగలై ఉంటాయి. ఎక్కడో గూడు పెట్టాయేమో" అంది.

పిల్లలూ, నాంచారమ్మ వీపంతా ముళ్లే కదా. ఈగ కుట్టడమంటే ఏమిటో ఆమె ఒంటికి అంతగా తెలియదు. కూన అంత బాధపడుతుందని ఆమె అనుకోలేదు. మూడు రోజులు ఆకు పసరు నూరి తీసుకెళ్లి తన చేత్తోనే కూన ముఖానికి రాసింది. సీతాలు ఆమెకు దండం పెట్టినంత పని చేసింది. ఆ దండం చూడలేక నాంచారమ్మ తల తిప్పుకుంది. అయినా దుంగల్ని జరపలేదు. ఇప్పుడు జరిపితే అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు కదా. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధం చెప్పేసింది. ఇక దాన్ని కదపలేకపోయింది.

ఇది రెండోసారి.

వానాకాలం వచ్చింది. అడవి పక్క పొలాల్లో మనుషులు పొద్దుతిరుగుడు వేశారు. భాద్రపదానికి చేలన్నీ పచ్చగా పూశాయి. అడవిలోని ఈగలన్నీ పొద్దున లేస్తే అక్కడికే, కొన్ని పడమటి చేలకు, కొన్ని తూర్పు చేలకు.

ఒకరోజు పొద్దు వాలుతుండగా గోరింక బుల్లెమ్మ ఎగురుకుంటూ వచ్చి నాంచారమ్మ ఇంటి ముందు కొమ్మ మీద వాలింది. రొప్పుతోంది. ఎక్కడెక్కడో తిరిగి వచ్చినట్టుంది.

"పిన్నీ, ఇటువైపు ఎవరికైనా తేనెదుంగలున్నాయా?" అని అడిగింది.

నాంచారమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఎవరు పంపారు నిన్ను?" అంది.

"కరణంగారే పంపారు. దుంగలున్న వాళ్లకు ఒక మాట చెప్పమన్నారు. దారిలో ఉన్న మిగతా ఇళ్లలో కూడా నేనే అడుగుతున్నాను."

కరణం పేరు వినగానే నాంచారమ్మ ముళ్లు నిక్కపొడుచుకున్నాయి. సీతాలు ఎక్కడో ఏదో అని ఉంటుంది, తన గుట్టు లాగడానికే ఈ పిట్టను పంపారు అనుకుంది. ఆ మాటేమిటో కూడా అడగలేదు.

"ఇక్కడ ఈగలూ లేవు, దుంగలూ లేవు. ఇటువైపు ఎవరికీ లేవు" అంది గట్టిగా.

"అయితే మంచిదే పిన్నీ" అంది బుల్లెమ్మ. చీకటి పడేలోపు ఇంకా ఆరిళ్లు తిరగాలి. రెక్క విదిల్చుకుని ఎగిరిపోయింది.

ఇది మూడోసారి.

మర్నాడు పొద్దున నాంచారమ్మ ఎప్పటిలాగే దుంగలకు చెవి ఆనించి విని, ఈగలు పొలాల వైపు బారులు తీరి వెళ్తుంటే చూసి, దుంపలు తవ్వుకోవడానికి వెళ్లింది. ఎండ ఎక్కాక తిరిగి వచ్చింది. కానుగ చెట్ల కింద అడుగు పెట్టగానే పాదం కింద ఏదో చిటపటలాడింది. వంగి చూసింది.

నేల మీద ఈగలు. ఒకటీ రెండూ కాదు. రాలిన కానుగ పూల లాగా, దుంగల ముందంతా పరిచినట్టు పడి ఉన్నాయి. కొన్ని చచ్చిపోయాయి. కొన్ని వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి. పై నుంచి ఇంకా వస్తున్నాయి. దారి కానరానట్టు చెట్టుకు గుద్దుకుని పడుతున్నాయి. కొన్ని కన్నం దాకా వచ్చి, లోపలికి పోలేక అక్కడే జారిపోతున్నాయి.

నాంచారమ్మ చేతిలోని దుంపలు ఎప్పుడు పడిపోయాయో తెలియదు. మొదటి దుంగకు చెవి ఆనించింది. సద్దు లేదు. రెండోదానికి ఆనించింది. మూడోదానికి ఆనించింది. చివరికి అమ్మ దుంగ దగ్గరికి వచ్చింది.

ఆ దుంగ కన్నం దగ్గర ఒక ముసలి ఈగ కూర్చుని ఉంది. రెక్కలు వణుకుతున్నాయి.

"ఏమైంది మీకు?" అంది నాంచారమ్మ.

"పూల మీద ఏదో తడిగా ఉంది. చేదు వాసన" అంది ఈగ. "మనుషులు వీపు మీద డబ్బాలు కట్టుకుని తిరుగుతున్నారు. మిగతా దుంగల ఈగలు ఇవాళ ఒక్కటీ రాలేదు. మేం మాత్రమే ఉన్నాం పడమటి చేలో. ఎందుకా అనుకున్నాం."

నాంచారమ్మ ఏమీ అర్థం కానట్టు చూస్తోంది. ఈగ మళ్లీ అంది.

"నిన్న సాయంత్రం ఎవరో వచ్చి మా గురించి అడిగారు. మేం లేమని చెప్పావు. లోపలి నుంచి విన్నాం. ఉన్నాం కదా, ఎందుకు లేమంటోందో అని అనుకున్నాం."

అంతే. రెక్కలు ఆగిపోయాయి.

నాంచారమ్మ అక్కడే కూలబడింది. ఏడవలేదు. ఏడుపు వచ్చే దారి కూడా మూసుకుపోయినట్టుంది. మధ్యాహ్నం దాకా ఆ ఏడు దుంగల మధ్య అలాగే కూర్చుంది. వాటిలో ఒక్కదానిలోనూ చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం ఆ చెట్ల కింద ఆమె పుట్టినప్పటి నుంచీ వినలేదు.

అప్పుడు పైన రెక్కల చప్పుడైంది. బుల్లెమ్మ. దారికి అవతల ఉడుత ఇంటి చెట్టు మీద వాలి మాట్లాడుతోంది. ఉడుతకు ఒక దుంగ ఉంది. రాయించింది కూడా.

"కన్నం మూసే ఉంచావా?" అని అడిగింది బుల్లెమ్మ. నిన్న చెప్పినప్పటి నుంచీ తడి నాచు కుక్కి మూసే ఉంచానని ఉడుత చెప్పింది. రేపు కూడా తీయొద్దని, ఇవాళ పడమటి చేలకు పురుగుమందు కొట్టారని, రేపు పొద్దున్నే తూర్పు చేలకు కొడతారని, రైతులు గట్టు మీద మాట్లాడుకుంటుంటే విన్నానని బుల్లెమ్మ చెప్పింది. రాయించిన పంతొమ్మిది ఇళ్లకూ కరణంగారు కబురు పంపారని, ఎక్కడా ఒక్క ఈగ కూడా పోలేదని సంతోషంగా చెప్పింది.

నాంచారమ్మ ఆ మాటలన్నీ వింది. ఒక్కొక్కటీ ఆమె ఒంట్లోకి దిగడానికి కొంతసేపు పట్టింది. నిన్నటి ప్రశ్న పట్టుకోవడానికి కాదు. కాపాడడానికి. పంతొమ్మిది ఇళ్లలో తడి నాచు కుక్కుతుంటే తను మాత్రం గుమ్మంలో నిలబడి, లేవు, లేవు అని చెప్పింది.

సంగతి ఇంకెవరికీ తెలియదు. గొయ్యి తవ్వి ఈగల్ని పూడ్చేసి, దుంగల్ని వాగులో తోసేస్తే ఎప్పటికీ తెలియదు. నాంచారమ్మ గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది కూడా. నాలుగు గోళ్ల మన్ను తీశాక ఆమె చేయి ఆగింది. రేపు తూర్పు చేలకు కొడతారు. అటు ఈగలు పోయేవాళ్లలో తనలాగా దాచుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే? వాళ్ల గుమ్మంలో కూడా బుల్లెమ్మ అడిగి ఉంటుంది. వాళ్లు కూడా లేవనే చెప్పి ఉంటారు.

పొద్దు వాలే వేళకు అడవి అంతా నీళ్లకు వాగు దగ్గర చేరుతుంది. నాంచారమ్మ అమ్మ దుంగను దొర్లించుకుంటూ అక్కడికి వచ్చింది. కరణం చదివే రాయి మీదికి దాన్ని ఎక్కించింది. మట్టి మెత్తు ఊడదీసి వంచింది. చచ్చిన ఈగలు రాయి మీద కుప్పగా పడ్డాయి.

నీళ్లు తాగుతున్నవాళ్లు తలలెత్తారు.

"ఇవి మా అమ్మ ఈగలు" అంది నాంచారమ్మ. "ఇంకా ఆరు దుంగలుండేవి. అన్నీ ఇలాగే ఉన్నాయి. నేను రాయించలేదు. బాబాయ్ అడిగితే లేవన్నాను. బుల్లెమ్మ అడిగితే లేవన్నాను. దారికి పదడుగుల్లో పెట్టుకున్నాను. సీతాలు వదినా, నీ కూనను కుట్టింది కందిరీగలు కాదు. ఇవే."

సీతాలు తిరిగి చూసిన చూపు నాంచారమ్మ ఎప్పటికీ మరిచిపోలేదు. అందులో కోపం లేదు. ఎదురుగా ఉన్నది ఎవరో తెలియనట్టుంది. పసరు రాసిన చేతిని, ఆ ముఖాన్ని మార్చి మార్చి చూసింది. కూనను తన వెనక్కి లాక్కుంది. అక్కడి నుంచి వెళ్లిపోయింది.

బుల్లెమ్మ కొమ్మ మీది నుంచి కిందికి దిగి వచ్చింది. "నేను మీ ఇంటి ముందే ఉన్నాను కదా పిన్నీ. ఇంకొక్క మాట చెప్పి ఉంటే..." అని ఆగిపోయింది.

"నువ్వు చెప్పేదాకా నేను ఉండనివ్వలేదమ్మా" అంది నాంచారమ్మ. తర్వాత అందరి వైపు తిరిగింది. "నన్ను ఏం చేస్తారో తర్వాత చేయండి. రేపు పొద్దున తూర్పు చేలకు మందు కొడతారు. మీలో ఎవరైనా దాచుకుని ఉంటే ఇప్పుడే చెప్పండి. మీ ఈగలు ఇంకా బతికే ఉన్నాయి."

తర్వాత మద్దిచెట్టు మీది నుంచి కొండముచ్చు సింగన్న మెల్లగా దిగి వచ్చాడు. అతను పెద్దల సభలో కూర్చునేవాడు. ఆ కట్టుబాటుకు చేయెత్తినవాళ్లలో అతనూ ఒకడు.

"నావి రెండున్నాయి" అన్నాడు తల వంచుకుని. "నీటి రేవు పక్కనే."

కూర్మయ్య మెడ ఎంత సాగుతుందో అంతా సాగదీసి అతని వైపు చూశాడు. ఆయన నోరు తెరవకముందే కుందేలు వచ్చి తనది ఒకటుందని చెప్పింది. ఆ తర్వాత అలుగు చెప్పింది, అడవిపిల్లి చెప్పింది. ఒకళ్ల వెనక ఒకళ్లు వస్తూనే ఉన్నారు. కూర్మయ్య తాటాకు తీసి రాయడం మొదలుపెట్టాడు. ఒక ఆకు నిండింది. రెండోది తీశాడు. అంతా అయ్యాక లెక్కపెట్టుకుని, గంటం కింద పెట్టేసి కూర్చుండిపోయాడు. రాయించినవాళ్లు పంతొమ్మిది మంది. నాంచారమ్మ కాక దాచుకున్నవాళ్లు ఇరవై ముగ్గురు, వాళ్ల ఈగలన్నీ తూర్పు చేలకు పోయేవే.

"అడవి మొత్తం నా ఆకుల్లో ఉందనుకున్నాను" అన్నాడు ఆయన. "సగం కూడా లేదు." మళ్లీ అన్నాడు. "తీయించేస్తాం అని చదివాను. ఆపద వస్తే పిలుస్తాం, అందుకే రాయించమంటున్నాం అని ఒక్క ముక్క చదవలేదు. తప్పు నాదీ ఉంది."

ఆ సాయంత్రం ఎవరూ ఇంటికి పోయి కూర్చోలేదు. వాగులోంచి తడి నాచు మోసుకుంటూ దుంగల దగ్గరికి పరిగెత్తారు. దూరం ఎంత ఉందని ఆ పూట ఎవరూ కొలవలేదు. కన్నాలన్నీ మూశారు. మర్నాడు తూర్పు చేలకు మందు కొట్టారు. రెండు రోజుల తర్వాత నాచు తీస్తే, ఇరవై ముగ్గురి దుంగల్లోనూ ఈగలు మోత పెడుతూ బయటికి వచ్చాయి. ఆ తర్వాత దారి పక్క దుంగల్నీ, రేవు పక్క దుంగల్నీ అందరూ కలిసి పొద్దుపోయాక, ఈగలన్నీ లోపలికి చేరాక, నీడ ఉన్న చోట్లకు జరిపారు. ఈగలు ఎటూ ఎగిరిపోలేదు.

నాంచారమ్మ దుంగల్లో మాత్రం ఒక్క ఈగ మిగల్లేదు. మళ్లీ పెంచుకోమని సింగన్న తన దుంగలోంచి, కొత్త రాణీ ఈగ పుట్టే గదులున్న తేనెపట్టు ముక్క ఒకటి, కొన్ని ఈగలతో సహా ఇస్తానన్నాడు. ఈ ఏడు వద్దని చెప్పింది. సీతాలు ఆ ఏడాదంతా ఆ దారిన రాలేదు. చుట్టు తిరిగి వేరే రేవుకు వెళ్లేది. నాంచారమ్మ ఆమెను పిలవలేదు. క్షమించమని అడగడానికి రెండుసార్లు వెళ్లి, గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చింది. మూడోసారి అడిగింది. సీతాలు వింది. సరేనని అనలేదు, పొమ్మని కూడా అనలేదు.

మరుసటి ఏడు పొలాల్లో విత్తనాలు పడే వేళకు నాంచారమ్మ కూర్మయ్య దగ్గరికి వెళ్లి ఒక పని అడిగింది. బుల్లెమ్మ ఎగరలేని పొదల్లోకి, బొరియల్లోకి తను వెళ్లి వస్తానంది. అప్పటి నుంచి ఏటా అడవిలో ప్రతి గుమ్మం ముందూ ముళ్ల గలగల వినిపించేది. నాంచారమ్మ లోపలికి వచ్చి కూర్చునేది. ముందు తన ఏడు దుంగల సంగతి చెప్పేది. అంతా చెప్పాకే, "మీకు దుంగలున్నాయా?" అని అడిగేది.

ఆ తర్వాత ఆమెతో లేవని అబద్ధం చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

పిల్లలూ, ఈ కథలోని నీతి: నలుగురి మేలు కోసం పెట్టిన నియమం నచ్చకపోతే ఎందుకని అడగాలి గాని దాచకూడదు, మనం లేదని చెప్పినదాన్ని ఎవరూ కాపాడలేరు.